కండెల గంపల వచ్చిన పాటలు

తొంభైలల్ల పాటల మీద నాతోని పందెం కట్టకుండ్రి. మీరు ఓడిపోతరని కాదు, నేనే ఓడిపోత. గా పాటలన్ని నాకు రెండు తీర్ల వచ్చు. ఒకటి రేడియోల వచ్చిన తీరు, ఇంకోటి మా బాపు పాడిన తీరు. నోరు తెరిస్తె ముందుగాల బాపు తీరే వస్తది. నేనేం జెయ్యాలె?

మొన్న గదే అయింది. నేను ఇచ్చోడ కాడ సర్కారు బళ్లె పాఠాలు చెప్త. ఆదిలాబాద్‌ల మీటింగుందంటే అయిదుగురు టీచర్లం కలిసి ఒక జీపు మాట్లాడుకోని పోతున్నం. డ్రైవర్ రేడియో పెట్టిండు. పెట్టుడు పెట్టుడే ఒక పాత హిట్టు. మావోళ్లు ఊకుంటరా, అందరు అందుకున్నరు. నేను గూడ అందుకున్న. రెండో లైన్ కాడికి వచ్చేసరికి అందరు ఒక దిక్కు పోయిన్రు, నేనొక్కదాన్ని ఇంకో దిక్కు పోయిన. రాగం వేరే, మాటలు వేరే. పక్కన కూసున్న మేడం నా జబ్బ మీద ఒక్కటి చరిచి, "గదేం పాటనే తల్లీ! ఏ సినిమాలది?" అన్నది. జీపంత ఒకటే నవ్వుడు. నేను గూడ నవ్విన.

నవ్విన గని, గా మాట నేను చిన్నగున్నప్పుడు గూడ ఒకపారి విన్న. గప్పుడు నవ్వలే. నవ్వి ఊకుంటె ఏం పోతుండెనో అని ఇప్పటికి నన్ను నేను తిట్టుకుంట.

మాది మెట్‌పల్లి. నేతగాండ్ల వాడ. బాపు సాంచాలు నడిపేటోడు. సాంచా అంటే కరెంటుతోని నడిచే మగ్గం. షెడ్డు మాది గాదు, ఇంకొకాయనది. రేకుల షెడ్డు, పదహారు సాంచాలు, నలుగురు పనోళ్లు. ఒక్క సాంచా నడిస్తెనే పక్కింట్ల పండుకున్న పిల్లలు లేస్తరు. పదహారు ఒక్కపారి నడిస్తె ఎట్లుంటదో మీరే అనుకోండ్రి. చెవుల నోరు వెట్టి ఒర్రినా వినరాదు. అందుకనే షెడ్ల పనిచేసేటోళ్లకు ఒక విద్య వస్తది. చప్పుడు లేకుంట మూతితోని మాట్లాడుడు, ఎదుటోని మూతి చూసి తెలుసుకునుడు. "నీళ్లు తే", "మూడో దాంట్ల పోగు తెగింది", "సేటొస్తుండు, బీడీ పారెయ్". అన్నీ మూతితోనే, ఈ కొసకెల్లి ఆ కొసకు. కొత్తోళ్లు చూస్తె వీళ్లకేమన్న పిచ్చి లేసిందా అనుకుంటరు.

గా మోతల ఏండ్లకేండ్లు చేస్తె చెవులు పోతయి. నేను అయిదో తరగతిల ఉన్నప్పుడే బాపుకు సగం పోయినయి. వాడల ఎవ్వరు దాన్ని రోగం అనకపోదురు. నేతగాని చెవులు గట్లనే ఉంటయి, దానికేం ఫికర్ అనేటోళ్లు.

అవ్వ, అంటే మా అమ్మ, ఇంట్ల కండెలు చుట్టేది. మగ్గం మీద అటు ఇటు ఉరికే నాడె ఉంటది గద, దాంట్ల పెట్టే నూలు కండెలు. చుట్టే మిషను ముందట పొద్దుందాక కూసోని, చుట్టినయి గంపలేసుకోని రోజుకు మూడు నాలుగు పార్లు షెడ్డుకు తీస్కపోయేది. పోంగ పోంగ ఆమెకు గూడ మూతి సదువుడు వచ్చింది. ఇంట్ల ఒక్కటే అర్ర. గా అర్రలనే నాయినమ్మ, అవ్వ, బాపు, నేను, మా చెల్లె, కండెల మిషను, వంట. మిషను పక్కన గూట్ల రేడియో. మూలకు పగిలితె సైకిల్ ట్యూబు ముక్క చుట్టి పెట్టింది అవ్వ.

మా ఊరికి ఏ స్టేషను సక్కగ రాకపోవు. రేడియోను నిజామాబాద్ దిక్కు తిప్పితె ఒకటి, ఆదిలాబాద్ దిక్కు తిప్పితె ఇంకోటి. ఆదిలాబాద్‌ది మబ్బు పట్టిననాడు మంచిగొస్తదని అవ్వ నమ్మకం. ఏరియల్‌కు ఒక చెంచ కట్టింది, చెంచకు ఒక తీగె కట్టింది, తీగెను దండెం మీదికి తోలింది. తడిబట్టలు ఆరేస్తె పాట ఇంక మంచిగొస్తదనేది. నిజమో అబద్ధమో నాకెర్కలే గని, పాటల టైముకు మా ఇంట్ల దండెం మీద తడి చీర ఉండుడు మాత్రం ఖాయం.

గా రోజులల్ల పాటలంటే పాటలు! మొదలైతానే డబడబ డ్రమ్ములు, వెనుకకెల్లి నలుగురాడిపిల్లలు హూహూ అనుడు, నడిమిట్ల ఒక పిల్లనగ్రోవి. ఒక పాట హిట్టయిందంటే మెట్‌పల్లిల దాన్ని తప్పించుకోని బజారుకు పోయెటట్టు లేకుండె. ఛాయ్ హోటల్ల గదే, దర్జీ కాడ గదే, పెండ్లి మైకుల గదే. బడిల ప్రార్థన చేసుకుంట గూడ లోపట గదే పాడుకునేటోళ్లం.

ఒక్క షెడ్ల మాత్రం పాట లేకుండె. కరెంటుంటె సాంచాల మోత. కరెంటు పోతె రేడియో గూడ బందే, సెల్లులు వేసేంత షాన్ మాకేడిది? పని ఇడిసి ఇంటికొచ్చినంక బాపు చెవులల్ల గుయ్యిమనుడు తప్ప ఇంకోటి లేకుండె. ఊరంతా పాటలల్ల మునిగుంటె బాపుకు మాత్రం ఒక్క పాట వినే నసీబు లేకపోయె. పాటలంటె ఆయనకు పాణం. పెండ్లి కాకముందు భజనల ముందట కూసోని పాడేటోడట.

గందుకే అవ్వ పాటలు మోసేది. మధ్యాహ్నం రేడియోల కోరిన పాటల ప్రోగ్రాం అయిపోవుడే ఆలస్యం, ఇయ్యాల ఫలానా పాట బాపుకు చెప్పొస్త అని గంప నెత్తికెత్తుకోని షెడ్డుకు ఉరికేది. నాలుక మీద పాట సల్లారకముందే చెప్పాలెనట. పోయి, గంప దించి, బాపు ఎదురుంగ నిలవడి, చప్పుడు లేకుంట పెదవులతోని చెప్పేది. నేను దర్వాజ కాడ నిలవడి చూసేదాన్ని. లోపటికి పోతె మోతకు, దూదికి నాకు తల తిరిగేది. బాపు చేతులు ఆగకపోవు. పోగు అతుక్కుంటనే అవ్వ మూతి దిక్కు చూసేటోడు. చెప్పుడయినంక అవ్వ ఖాళీ గంప చంకల వెట్టుకోని వచ్చేది. బాపు గా మాటలకు సొంతంగ రాగం కట్టుకోని పాడుకునేటోడు.

ఏం రాగం? టకాటక, టకాటక. సాంచా ఎట్ల నడిస్తె గట్ల. వానపాట గూడ గదే, ఏడుపు పాట గూడ గదే. ఇంటికొచ్చినంక కాళ్లు కడుక్కుంట అదే పాడేటోడు, బతుకమ్మనాడు పువ్వులు తెచ్చుకుంట అదే పాడేటోడు. నేను, చెల్లె గవే నేర్సుకున్నం. చెవులకు మోత గని, నాకు గా రాగం ఇనకపోతె నిద్ర రాకపోవు.

నేను జర పెద్దగైనంక ఎర్కైంది. ఐతారం నాడు ఇంట్లుండి రేడియో ఇంటె ఒకతీరు, బాపు పాడితె ఇంకోతీరు. రాగం పోనియ్, మాటలు గూడ కలుస్తలేవు. అవ్వనడిగిన.

"అవ్వా, బాపు తప్పు పాడుతుండే. నువ్వు సక్కగ చెప్తలేవా?"

అవ్వ మిషను ఆపకుంటనే, "ఆయనకు గట్లనే వచ్చు. నీకేం తక్లీఫ్?" అన్నది. నేను ఇంకేదో అనబోతె నా దిక్కు తిరిగి, "బాపు ముందట గీ మాట అన్నవంటె చూడు మల్ల" అని కండ్లురిమింది. చెవులు రానాయన బాధపడతడని అంటున్నదనుకున్న. సరే అని ఊకున్న.

గప్పుడే ఆదిలాబాద్ స్టేషనోళ్లు ఫోన్ల పాటలు అడిగే ప్రోగ్రాం పెట్టిన్రు. ఐతారం పొద్దుగాల. ఫోన్ చేస్తె రేడియో ఆమె మనతోని రెండు మాటలు మాట్లాడుతది, గవి అప్పటికప్పుడు అందరికి వినపడతయి, తర్వాత పాట ఏస్తరు. మా వాడకు పిచ్చి లేసింది. మెయిన్ రోడ్డు మీది ఎస్టీడీ డబ్బ ముందట ఐతారం వచ్చిందంటె లైనే లైను. పేరు రేడియోల వచ్చినోడు సోమారం నాడు కాలర్ ఎగరేసుకోని తిరిగేటోడు.

ఒక ఐతారం బాపు, "నేను చేస్త" అన్నడు. మేమందరం నోర్లు తెరిచినం. నున్నగ గడ్డం గీసుకున్నడు. పెండ్లిండ్లకేసే తెల్ల అంగి ఏసిండు.

"ఫోన్ల అంగి కనపడది బాపు" అన్న, నా మూతి దిక్కు ఆయనను తిప్పుకోని.

"నాకు కనపడతది గద బిడ్డా" అన్నడు.

పోయేటప్పుడు అవ్వతోని, "నువ్వు రేడియో కాడ్నే కూసో. ఎటు పోకు" అని చెప్పిండు. నన్ను ఎంబడి తీస్కపోయిండు. ఫోన్ల మాట ఆయనకు వినపడది గద. నేను ఇని మూతితోని చెప్తె ఆయన జవాబియ్యాలె. అంటె గా దినం మా బాపుకు చెవులు నేనే. ఎనిమిదో తరగతి నాది. గంత పెద్ద పని నా చేతిలకొచ్చిందని నేలమీద కాలు నిలుస్తలేదు.

పది పదిహేను పార్లు తిప్పితె లైను కలిసింది. అద్దాల డబ్బల నేను, బాపు ఇరుక్కోని నిలవడ్డం. అద్దం అవుతల లైన్ల ఉన్నోళ్లంత మా దిక్కే చూస్తున్నరు. నా క్లాసు పిల్లలు ఇద్దరున్నరు. డబ్బాయన చిన్న రేడియో గూడ పెట్టిండు బయట.

"నమస్కారమండీ, మీరేం చేస్తుంటారు?" అన్నది రేడియో ఆమె. తేనె అసుంటి గొంతు. నేను బాపుకు చెప్పిన.

"సాంచాలు నడుపుత తల్లీ."

"ఈ పాట ఎవరి కోసం అడుగుతున్నారు?"

"మా ఇంటామె కోసం."

మా వాడల గప్పటిదాక ఏ మొగోడు గంతమందిల గా మాట అనలే. అద్దం అవుతల కిసకిస నవ్వులు. నాకు సిగ్గయితుంది గని, ముచ్చటగ గూడ ఉంది.

"అయితే ఆ పాట ఓ ముక్క పాడి వినిపిస్తారా?"

బాపు ఫోను నా చేతికెల్లి తీసుకున్నడు. కండ్లు మూసుకోని పాడిండు.

"కండె చుట్టంగ చుట్టంగ పొద్దు గూకవట్టె
నువ్వు కన్నెత్తి చూడంగనే మల్ల పొద్దు పొడువవట్టె."

టకాటక, టకాటక. అవ్వ గా పాటను ఏ హిట్టు పేరు మీద తెచ్చిందో నాకెర్క. గా హిట్టుకు, దీనికి సుట్టరికం గూడ లేదు. నేను ఫోను గుంజుకోని చెవికి పెట్టుకున్న. రేడియో ఆమె మెల్లగ, "చాలా బాగుందండీ. ఇది ఏ సినిమాలోది?" అన్నది.

గామె ఎక్కిరించలే. ఇప్పుడు తలుచుకుంటె నిజంగనే తెలుసుకుందామని అడిగింది. గని అద్దం అవుతల రేడియోల గా మాటిని అందరు పొట్టలు పట్టుకోని నవ్వుతున్నరు. నా క్లాసు పిల్లలు ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వుతున్నరు. నా ముఖం మీద నిప్పులు పోసినట్టయింది. బాపు మాత్రం గామె ఏమన్నదో చెప్పు అన్నట్టు నా మూతి దిక్కే చూస్తుండు. నేను ఆయనకు చెప్పలే. ఫోన్లనే అన్న.

"మేడం, మా బాపుకు చెవులు వినపడయి. గది తప్పు పాట. గట్లాంటి పాటనే లేదు. అసలుది నేను పాడుత."

పాడిన. రాగం తప్పకుంట, మాట తప్పకుంట. రేడియో ఆమె మస్తు మెచ్చుకున్నది. "ఎంత బాగా పాడావమ్మా" అని గదే పాట ఏసింది. బయట చప్పట్లు కొట్టిన్రు. డబ్బాయన నాకు ఒక చాక్లెటిచ్చిండు.

ఒక్కటి మర్చిపోయిన. నేను చెప్పింది ఫోన్లనే గని, బాపు నా మూతినే చూస్తుండె గద. అక్షరం అక్షరం సదివిండు.

తోవ పొడుగున బాపు నాకంటె నాలుగడుగులు ముందే నడిచిండు. ఇంటికి పోయేసరికి అవ్వ రేడియో ముందట కూసోని ఉంది. మిషను ఆపింది. చేతులు ఒళ్లె పెట్టుకోని ఉత్తగ కూసుంది. అవ్వ అట్ల ఉత్త చేతులతోని కూసునుడు నేనెన్నడు చూడలే. మెచ్చుకుంటదని నేను ఎదురుంగ పోయి నిలవడ్డ. "అన్నం తిను" అన్నది. గంతే.

గా రోజుకెల్లి మా ఇంట్ల పాట బందైంది. సోమారం నాడు అవ్వ ఎప్పటి తీర్గనే గంప తీస్కపోయి బాపు ఎదురుంగ నిలవడి పెదవులు కదిపింది. బాపు తలకాయ ఎత్తలే. పోగులు చూసుకుంట వంగిండు. మంగళారం గూడ గంతే. వారం దినాలు చూసి, అవ్వ గంపను దర్వాజ కాడ పెట్టి మర్లొచ్చుడు షురూ చేసింది. రేడియో మీద ఒక పాత చీర ముక్క కప్పింది. దండెం మీద తీగె తీసేసింది. ఇంట్ల మాటలు లేవని కాదు. ఉప్పు తక్కువైంది, బట్టలు నానెయ్యి, బియ్యం అయిపోయినయి, గివన్ని ఉన్నయి. గని బాపు అవ్వ ముఖం దిక్కు చూసుడు లేదు.

నాకు గుబులు పట్టుకున్నది. తప్పు చేసినని తెల్సింది గని, ఏం తప్పో సక్కగ తెల్వలే. రాగం తప్పని అన్నందుకు బాపుకు ఇజ్జత్ పోయిందనుకున్న. సరే, సరైన రాగం నేర్పిద్దామని దోస్తు ఇంటికెల్లి టేప్‌రికార్డర్ అడుక్కొచ్చి, సౌండ్ మొత్తం పెంచి బాపు చెవి కాడ పెట్టిన. ఆయన జరసేపు కూసున్నడు. తర్వాత మెల్లగ దాన్ని పక్కకు జరిపి, "నిద్రొస్తుంది బిడ్డా" అన్నడు. పక్కింటాయన గోడ మీదికెల్లి చూసి, "చెవిటోని ముందట శంఖమూదినట్టుంది నీ కత" అని నవ్విండు. నేను ఊకుంటనా, ఆయనతోని వాడంత ఇనేటట్టు కొట్లాట పెట్టుకున్న. ఆయన మీద కోపం కాదు, నా మీద నాకే.

నాలుగు నెల్లు గట్లనే గడిచినయి. ఎండకాలం వచ్చింది. బడికి సెలవులు. అవ్వకు టైఫాయిడ్ వచ్చి మంచం పట్టింది. కండెలు చుట్టుడు, గంప మోసుడు నా మీద పడ్డది. నూలు పోగు ఎంత పల్చగుంటదో గంత కోస్తది. రెండు దినాలల్ల నా వేళ్లన్ని చీరుకపోయినయి. గీ చేతులతోని అవ్వ ఇన్నేండ్లు ఎట్ల చేసిందో అనుకున్న.

మొదటి దినం గంప తీస్కపోయినప్పుడు దర్వాజ కాడ ఆగలే. లోపటికి పోయిన. పోయి బాపు ఎదురుంగ నిలవడి, అవ్వ నిలవడ్డట్టే, పెదవులతోని ఒక హిట్టు పాట చెప్పిన. సరైన మాటలు, ఒక్కటి తప్పు లేకుంట. తెచ్చి ఇస్తె సంబురపడతడనుకున్న. బాపు నా మూతి దిక్కు చూసిండు. మొత్తం చూసిండు. వద్దన్నట్టు తలకాయ ఊపిండు.

గప్పుడే కరెంటు పోయింది. పదహారు సాంచాలు ఒక్కపారి ఆగినయి. మిగిలిన ముగ్గురు బీడీలు ముట్టించుకుందామని బయటికి పోయిన్రు. బాపు భుజం మీద తువ్వాలతోని కనుబొమ్మల మీది దూది దులుపుకోని నా ముందట కూసున్నడు.

"గా పాటలు నాకెందుకు బిడ్డా?" అన్నడు. చెవులు రాకపోయెసరికి ఆయన మాట ఎప్పుడు జర పెద్దగనే ఉంటది.

"గవి అసలైనయి బాపు. తప్పులు లేవు."

"ఏ సినిమాల కండెలు చుడుతరు బిడ్డా?"

నాకు సమజ్ కాలే.

"ఏ సినిమాల చింతకాయ తొక్కు అయిపోయిందని పాడుతరు? ఏ హీరోయిన్ చిన్నదానికి జరమొచ్చింది, జర జల్దిరా అని పాడుతది? నాకు చెవులు పోయినయి గని అకల్ పోలే. గవి సినిమా పాటలు కావని మొదటి దినమే తెల్సింది. గవన్ని మీ అవ్వ మాటలు."

"మరి పాటలని ఎందుకు చెప్పింది?"

"గీడ నలుగురం మూతి సదివేటోళ్లం. వీళ్ల ముందట మొగనితోని గట్ల మాట్లాడితె నవ్వరా? ఇంట్ల మీ నాయినమ్మ, మీరిద్దరు. ఇంకేడ మాట్లాడాలె, ఎప్పుడు మాట్లాడాలె? రేడియోల పాటొచ్చిందని పేరు వెట్టి చెప్పుకునేది."

"నీకు తెల్సని అవ్వకు ఎర్కనా?"

"నాకు తెల్సని తెలిస్తె సిగ్గుపడి చెప్పుడు బంద్ చేస్తది గద."

నేను ఇంకోటి అడిగిన. "మరి గా దినం ఫోన్ల ఎందుకు పాడినవు బాపు?"

బాపు తువ్వాల మడత పెట్టిండు, మల్ల ఇప్పిండు. "దినాం గామె రేడియోల పాటని నాకు తెచ్చిచ్చింది. ఒక్కపారన్న గామె పాట రేడియోలకెల్లి గామెకు పోవాలె అనుకున్న. ఇంట్ల కూసోమని గందుకే చెప్పిన." "నా పాట తప్పంటె నాకేం కాకపోవు బిడ్డా. నువ్వు మీ అవ్వ మాట తప్పన్నవు. గట్లాంటి పాటనే లేదన్నవు. ఊరందరు ఇనవట్టె, గామె గూడ ఇనవట్టె. నేనే గామెను బజారుకీడ్సిన. ఇగ గామె ముఖం దిక్కు ఎట్ల చూడాలె?"

నా నోట్ల మన్ను వడ అనుకున్న. ఏడ్సుకుంట ఇంటికి ఉరికిన. ఎండకు కాళ్లు కాలుతున్నా తెల్వలే, చెప్పులు షెడ్డు కాడ్నే ఉన్నయి.

అవ్వ మంచంల పండుకోని ఉంది. నాయినమ్మ గుడి కాడికి పోయింది. బాపు చెప్పింది చెప్పినట్టు మొత్తం చెప్పిన. అవ్వ లేసి కూసుంది. జరం మనిషి, గోడకు ఒరిగి కూసోని, "ఆయనకు తెల్సా? ముందుగాల్నే తెల్సా?" అన్నది. ఒకటికి నాలుగు పార్లు గదే అడిగింది.

"తెల్సట అవ్వా. మొదటి దినమే తెల్సట."

అవ్వ కొంగు మూతికడ్డం వెట్టుకున్నది. "నేనేమనుకున్ననే... గా దినం ఫోన్ కాడ నువ్వు చెప్పినంకనే ఆయనకు తెల్సిందనుకున్న. చెవులు లేనోన్ని గిన్నేండ్లు మోసం చేసిందని కోపమొచ్చి నా ముఖం చూస్తలేడనుకున్న. నాలుగు నెల్లాయె, లోపల్లోపల సచ్చిన."

ఒకళ్లకు సిగ్గు, ఒకళ్లకు భయం. నడిమిట్ల నేను. ఇద్దరు నన్ను ఒక్క మాట గూడ తిట్టలే. తిడితె బాగుండు అనిపించింది. అవ్వ కాళ్ల మీద పడి ఏడ్సిన. అవ్వ నా నెత్తి మీద చెయ్యేసి, "ఊకోయే, పిచ్చిదానా" అనుకుంటనే తనూ ఏడ్సింది. ఏడ్సుకుంటనే నవ్వింది. "దొంగ మొగడు! ఏం ఎర్కలేనట్టు ఎట్ల కూసున్నడో సూడు!"

తర్వాత కండ్లు తుడుసుకోని, "గంప తీస్కపో. పోయి నేను చెప్పింది చెప్పు" అన్నది. రెండు లైన్లు చెప్పింది. చెప్పుడు గాదు, నేర్పించింది. "చప్పుడు చెయ్యకు. పెదవులు సాగదియ్యి. ఒక్కో మాట ఇడిసి ఇడిసి చెప్పు. ఆయన కండ్లు నీ మూతి మీద ఉన్నయా లేవా చూసుకో." మూడు పార్లు నాతోని చెప్పిచ్చుకున్నది.

నేను పోయేసరికి కరెంటొచ్చింది. పదహారు సాంచాలు నడుస్తున్నయి. బాపు ముందట నిలవడ్డ. ఆయన వంగి పోగు అతుకుతుండు. చెయ్యి పట్టుకోని గుంజిన. నా దిక్కు చూసిండు. చెప్పిన.

"ఎరుక లేదనుకోని ఎన్నెన్ని చెప్పితి నేను
ఎరుకుండి ఏండ్లకేండ్లు ఎట్ల ఊకుంటివయ్య నువ్వు."

మిగిలిన ముగ్గురు గూడ నా మూతినే చూస్తున్నరు. ఒకాయన తలకాయ దించుకోని ముసిముసి నవ్వుకున్నడు. గా షెడ్ల ఎవ్వరికి తెల్వంది ఏం లేదని నాకప్పుడు సమజైంది. అందరికి ఎర్కనే. ఎవ్వరు నోరు తెరవలే.

బాపు అటు మర్రిండు. తువ్వాలతోని ముఖం తుడుసుకున్నడు. తర్వాత నా దిక్కు మర్రి పాడిండు. నాలుగు నెల్లకు పాడిండు. గా మోతల ఆయన గొంతు ఒక్క ముక్క నాకు వినపడలే. పెదవులు మాత్రం కనపడ్డయి. అవ్వ రెండు లైన్లు పాడి, కింద ఇంకో లైను తనే కలిపిండు. అదేందో నాకు సమజ్ కాలే. గప్పటికి మూతి సదువుడు నాకు సక్కగ రాకుండె.

ఇంటికి ఉరికొచ్చిన. అవ్వ ఇంక గట్లనే కూసోని ఉంది.

"పాడిండా?"

"పాడిండే! నువ్వు చెప్పినయి పాడి, కింద ఇంకో లైను తనే ఏసిండు."

"ఏమేసిండు?"

"ఏమో అవ్వా, నాకు వినపడలే. సదవరాలే."

అవ్వ నా రెండు చెంపలు పట్టుకోని దగ్గరికి గుంజుకున్నది. జరంతోని చేతులు కాలుతున్నయి.

"ఇనుడెందుకే? పెదవులు ఎట్ల ఆడినయో గట్ల ఆడించి చూపెట్టు."

నేను యాదికున్నంత మట్టుకు బాపు పెదవులు ఎట్ల కదిలినయో గట్ల కదిపి చూపెట్టిన. నా నోట్లకెల్లి ఏం మాటలు పోతున్నయో నాకే తెల్వది. అవ్వ మాత్రం రెప్ప వాల్చకుంట సదివింది. సదివి, సిగ్గుతోని ముఖం మోకాళ్లల్ల దాచుకున్నది. జరాగి తలకాయెత్తి, "మల్లోపారి చూపెట్టు" అన్నది.